ద్వారపాలక్ సరసన వజ్రకవచ్

రాజధానిలోని పశువైద్య శాఖ పెద్దాఫీసు వాళ్లని ఎవరో ఐదు నక్షత్రాల హోటలుకు పిలిచి, కడుపునిండా భోజనం పెట్టి, కంప్యూటర్ల భద్రత మీద ఉపన్యాసం వినిపించారు. భోజనం అరిగింది. ఉపన్యాసం మాత్రం అరగలేదు. వారం తిరక్కుండానే అది ఉత్తర్వు రూపంలో జిల్లాల మీద పడింది.

"ప్రస్తుతము కంప్యూటర్లయందు నెలకొనియున్న భద్రతా సాధనమును ఏమాత్రము తొలగించక, కదలించక, దాని సరసనే వజ్రకవచ్ అను నూతన భద్రతా సాధనమును నెలకొల్పవలెను. ఉభయ సాధనములును సామరస్యముతో పనిచేయునట్లు స్థానికాధికారులు శ్రద్ధ వహించవలెను."

సామరస్యమట! ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మన అవ్వలు ఎప్పుడో చెప్పారు. సరే, అవ్వలు చెప్పింది ఆఫీసుల్లో చెల్లదనుకుందాం. ఒకే కొట్టంలో రెండు ఆంబోతుల్ని కట్టకూడదని పశువైద్యం మొదటి ఏడాది పాఠంలోనే ఉంటుంది కదా. ఆ ఉత్తర్వు మీద సంతకాలు పెట్టినవాళ్లు ఆ పాఠం చదివి పాసైనవాళ్లే. చదివీ పెట్టారు.

ఇదేమీ తెలియని డాక్టర్ సుంకమ్మ ఆ సోమవారం పొద్దున్నే ఐసు పెట్టెలు ఆటోలో వేసుకుని జిల్లా టీకాల గిడ్డంగికి వచ్చింది. ఆమెది సీమలో ఒక మెట్ట మండలం. అక్కడ పైరుకన్నా గొర్రెలే నమ్మకం. వానలు మొదలయ్యాయి, దోమా ఈగా పుట్టాయి, వాటితో పాటు నీలినాలుక రోగం కూడా బయలుదేరింది. కాపర్లు దాన్ని మూతివాపు అంటారు. గొర్రె మూతి వాస్తుంది, నాలుక కమిలిపోతుంది, మేత ముట్టదు, నాలుగు రోజులు తల వేలాడేసుకుని పడిపోతుంది. రోగం రాకముందే టీకా పడితే బతుకుతుంది. వచ్చాక వేస్తే డాక్టరుకి తృప్తి తప్ప గొర్రెకి ఒరిగేదేమీ ఉండదు.

ఆమె మండలంలోని కాపరి కురుబ బీరలింగప్ప మందకి ఇంకా రాలేదు. వంక అవతలి పల్లెలో వచ్చిందని తెలిసిన రోజే అతను మందని తోలుకుని కర్ణాటక వైపు వెళ్లిపోదామని మూట కట్టాడు. సుంకమ్మే వద్దంది. దోవలో అలిసిపోయిన గొర్రెకి రోగం ఇంకా తొందరగా పడుతుందని, దోవపొడుగునా ఊళ్లకి అంటిస్తుందని చెప్పి ఆపింది. "నా మాట మీద నిలబడు, సోమవారం సాయంత్రానికి సూదులు తెస్తా" అని మాటిచ్చింది. అతను మూట విప్పేశాడు. అందుకే ఆ పొద్దున ఆమె కాఫీ కూడా తాగకుండా బయలుదేరింది.

గిడ్డంగిలో టీకాలుండే చల్లగదికి ఎలక్ట్రానిక్ తాళం. బయట బల్ల మీది కంప్యూటర్లో ఎవరికి ఎన్ని టీకాలో నమోదు చేస్తేనే ఆ తాళం ఊడుతుంది. ఇంతకుముందు ఇనప తాళం, దానికో చెవి ఉండేవి. కొత్తది వచ్చాక ఆ రెండింటినీ పాత సామాన్ల కింద అమ్మేశారు.

సూపరింటెండెంట్ వరదరాజులు కంప్యూటరు ముందు చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు. తెర మీద ఒక ఎర్ర పట్టీలో "చొరబాటుదారు వజ్రకవచ్‌ను అడ్డుకోవడమైనది – ద్వారపాలక్" అని పడింది. దాని కిందనే మరో ఎర్ర పట్టీలో "చొరబాటుదారు ద్వారపాలక్‌ను అడ్డుకోవడమైనది – వజ్రకవచ్" అని పడింది. మళ్లీ మొదటిది. మళ్లీ రెండోది.

"ఏంటిది వరదరాజులు గారూ?"

"పొద్దున్నుంచి ఇదే కత మేడం. ద్వారపాలక్ మన పాతది. లోపల ఎవురేం చేస్తాండారో తొంగిచూసేది దాని పని. వజ్రకవచ్ కొత్తది. దాని పనీ తొంగిచూసేదే. తొంగిచూసేటోన్ని పట్టుకోమని రెండిటికీ చెప్పి పంపినారు. పట్టుకుంటాండాయి. న్యాయంగా చెప్పాలంటే రెండూ బాగా పన్జేస్తాండాయి."

"మరి తలుపు?"

"తలుపు తెరిచే ప్రోగ్రామంటే రెండిటికీ అనుమానమే. ఆ ఒక్కదాంట్లో మాత్రం రెండిటికీ పొత్తు కుదిరింది."

సుంకమ్మ తలుపు వంక చూసింది. మందపాటి తెల్ల తలుపు. దాని వెనక తన మండలానికి సరిపడా టీకాలు వరసగా పేర్చి ఉంటాయి. చెయ్యి చాపితే అందేంత దూరం. ఐసు పెట్టెల్లో ఐసు కరిగి నీళ్లు ఆమె చెప్పుల దగ్గరికి వచ్చాయి.

"ఒకదాన్ని తీసెయ్యండి."

వరదరాజులు చెవులు మూసుకున్నంత పని చేశాడు. "ఎంత మాట మేడం! ఏమాత్రము తొలగించక అని రాసుండారు. ఏమాత్రము అని రాసినంక మనమేం చేస్తాం?"

సాయంత్రం బీరలింగప్ప ఫోను చేశాడు. "మేడమ్మా, యాడుండావు? గొర్రెల్ని మేపుకి తోలకుండా రొప్పంలోనే కంప మూసి పెట్టుకోనుండా, నువ్వొస్తావని."

"రేపు వస్తానన్నా," అంది సుంకమ్మ. ఆ మాట ఆమెకే రుచించలేదు.

మర్నాడు ఆమె జాయింట్ డైరెక్టరు చిదంబరయ్య దగ్గరికి వెళ్లింది. జిల్లాలో శాఖకి పెద్ద ఆయనే. గేటు దగ్గర పాత వాచ్‌మన్ ఆమె సంచి తనిఖీ చేశాడు. అతని పక్కనే కొత్త ఏజెన్సీ వాళ్ల గార్డు ఉన్నాడు. అతను వాచ్‌మన్ జేబులు తనిఖీ చేశాడు. వాచ్‌మన్ ఊరుకుంటాడా, గార్డు టోపీ తీయించి చూశాడు. ఈలోపు సంచిలో ఏముందో ఇద్దరూ మర్చిపోయి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టారు.

"గమనించారా?" అన్నాడు చిదంబరయ్య సంతోషంగా. "ఉత్తర్వుల స్ఫూర్తిని కంప్యూటర్లకే పరిమితం చేయక, మానవ వనరులకు సైతం విస్తరింపజేశాము. రాష్ట్రంలో మనమే ప్రథమం."

"సార్, తలుపు తెరుచుకోవడం లేదు. మూతివాపు వంక అవతలికి వచ్చేసింది."

"తెరుచుకోవడం లేదంటే భద్రత పరిపూర్ణంగా ఉన్నదని అర్థం. దాన్ని సమస్యగా చూడకండి, ఫలితంగా చూడండి."

సుంకమ్మకి ఒళ్లు మండిపోయింది. ఈయన ఒకప్పుడు చేతికి మోచేయిదాకా నూనె రాసుకుని అడ్డం తిరిగిన దూడల్ని బయటికి తీసిన డాక్టరే. కుర్చీ మనిషిని ఇంతలా మారుస్తుందా అనుకుంది. పైకి మాత్రం, "గొర్రెలకి ఫలితం కనబడాలి కదా సార్" అంది.

వజ్రకవచ్ కంపెనీ కుర్రాణ్ణి పిలిపించారు. మెడలో పట్టీ, పట్టీకి ఫోటో వేలాడుతున్నాయి. "మా ప్రోడక్ట్ వేరేవాటి పక్కన చక్కగా నడుస్తుందండి, కరపత్రంలో కూడా వేశాం," అన్నాడు. "చిన్న సర్దుబాటు ఉంది. వజ్రకవచ్‌కి ద్వారపాలక్ మనవాడేనని చెప్పాలి. ద్వారపాలక్‌కి వజ్రకవచ్ మనవాడేనని చెప్పాలి. అప్పుడు ఒకదాని జోలికి ఒకటి పోదు. పది నిమిషాల పని."

సుంకమ్మ ప్రాణం లేచొచ్చింది. చిదంబరయ్య కుర్చీలో ముందుకి వంగాడు.

"మనవాడేనని ఎవరు చెప్పాలి?"

"మీరే సార్. మీ అనుమతితో నేను నొక్కుతా."

"అనగా, పూర్వాపరాలు తెలియని ఒక సాధనమునకు నేను నడవడి పత్రం ఇవ్వాలి! రేపు అది ఏదైనా అఘాయిత్యం చేస్తే జవాబుదారీ ఎవరు? పోలీసు విచారణ జరిపించి, సత్ప్రవర్తన తేలిన పిమ్మట చూద్దాము."

నమ్మండి నమ్మకపొండి, విచారణకి మనిషి వచ్చాడు. ఒక హెడ్ కానిస్టేబులు గిడ్డంగిలో కూర్చుని, ద్వారపాలక్ శాశ్వత చిరునామా అడిగాడు, తండ్రి పేరు అడిగాడు, ఇరుగుపొరుగు వాళ్లతో ఎట్లా ఉంటుందని అడిగాడు. ఇరుగుపొరుగు అంటే వజ్రకవచ్ కదా, దానితో పొద్దస్తమానం తగువేనని వరదరాజులు ఉన్నదున్నట్టు చెప్పాడు. చెప్పకుండా ఉంటే ఏం పోయేదో! "తగాదాకోరు, సత్ప్రవర్తన లేదు" అని తేల్చి కానిస్టేబులు వెళ్లిపోయాడు. వజ్రకవచ్ విషయంలో కూడా అదే తేలింది.

ఆ పూట బీరలింగప్ప మళ్లీ ఫోను చేశాడు. గొంతు పెంచలేదు. "తల్లీ, మా చిన్నాయన కొడుకు గొర్రెలకి వచ్చేసింది. వాళ్ల రొప్పానికీ మా రొప్పానికీ మధ్యన ఒక ముళ్లకంప ఉండాది, అంతే. ఆ పొద్దే పోతాంటిని. నీ మాట ఇని నిలబడిపోయినా."

అతను తిట్టి ఉంటే బాగుండేది. సుంకమ్మకి ఆ రోజు అన్నం సహించలేదు. గొర్రెలు పోతే చంపింది రోగం కాదు, తన మాటే అనిపించింది.

మర్నాడు ఆమె గిడ్డంగి మెట్ల మీద కూర్చుంటే, వరదరాజులు వచ్చి పక్కన నిలబడ్డాడు. అతను దుర్మార్గుడేం కాదు. రూలు పుస్తకం తప్ప వేరే లోకం ఎరగడు, అంతే.

"మేడం, ఒక మాట. తొలగించకూడదన్నారు గానీ, కండెం చెయ్యొద్దని యాడా లేదు."

"రెండూ ఒకటే కదా?"

"అయ్యో, ఎట్ల ఒకటవుతాయి? తొలగించేది ఉత్తర్వుకి విరుద్ధం. పనికిరాదని కండెం చేసి వేలం పాడేది స్టోర్సు రూలు. ద్వారపాలక్‌ని కొన్నప్పుడు మూడు కుర్చీలు, ఒక బీరువాతో పాటు సామాన్ల కిందే రాసుకున్నాం. దాని కాలం తీరిపోయింది. కుర్చీల కాళ్లూ ఇరిగిపోయినాయి. అన్నిటికీ కలిపి కమిటీ ఏస్తే సరిపోతాది."

కమిటీ అంటే చిదంబరయ్యకి ప్రాణం. వెంటనే వేసి, తానే అధ్యక్షుడై గిడ్డంగికి వచ్చాడు. రోడ్ల శాఖ నుంచి ఒక ఇంజనీరు, ఖజానా నుంచి ఒక అధికారి వచ్చారు. వేలం పాడటానికి పాత సామాన్ల దాదాపీరు త్రాసు భుజాన వేసుకుని వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఊళ్లో ఏ ఆఫీసు ఏం పారేసినా చివరికి చేరేది అతని కొట్టుకే.

కుర్చీలు చూశారు, కండెం చేశారు. బీరువాని తన్ని చూశారు, కండెం చేశారు. తర్వాతి ఐటం పేరు చదివి ఇంజనీరు చుట్టూ చూశాడు.

"ద్వారపాలక్ ఎక్కడుంది?"

వరదరాజులు కంప్యూటరు తెర మీద మూలనున్న చిన్న డాలు బొమ్మని చూపించాడు.

"ఇది బొమ్మ కదయ్యా. వస్తువును ప్రత్యక్షంగా తనిఖీ చేయాలి." ఇంజనీరు వేలి కణుపుతో తెర మీద రెండు దెబ్బలు కొట్టి, చెవి పెట్టి విన్నాడు. గోడల్నీ వంతెనల్నీ అట్లా కొట్టి చూడటం ఆయనకి అలవాటు. "లోపల బోలుగా ఉంది. నాసిరకం. కండెం చేయదగిందే."

"తూకమెంత సార్?" అన్నాడు దాదాపీరు. "మేం కేజీ లెక్కన కొంటాం. ఉత్త గాలిని కొనమంటే ఎట్ల?"

ఖజానా అధికారి కలం మూసేశాడు. తూకం లేనిదానికి వేలం లేదు, వేలం లేనిదానికి కండెం లేదన్నాడు. ముగ్గురూ కూడబలుక్కుని, ద్వారపాలక్‌ను తూచే విధానం తెలుపవలసిందిగా పెద్దాఫీసుకు రాసి, జవాబు వచ్చాక మళ్లీ సమావేశమవుదామని తీర్మానించారు. పెద్దాఫీసు జవాబంటే వచ్చే వానాకాలం మాట. అప్పటికి బీరలింగప్ప రొప్పంలో ముళ్లకంప తప్ప ఏమీ మిగలదు.

సుంకమ్మ లేచి నిలబడింది. కోపం నషాళానికి అంటింది. కానీ కోపంతో మాట్లాడితే ఈ గదిలో ఎవరికీ అర్థం కాదని ఈపాటికి ఆమెకి తెలిసిపోయింది. వీళ్ల భాషలోనే అడగాలనుకుంది.

"వరదరాజులు గారూ, పోయినేడు గోడకున్న పాత బేసిన్ కండెం చేశారు కదా. దానికి అతుక్కుపోయిన కొళాయిని ఏం చేశారు?"

"ఊడిరాని వస్తువు అసలు వస్తువుతో పాటే పోతాది మేడం. రూలుంది."

"ద్వారపాలక్ దేనికి అతుక్కుని ఉంది?"

"కంప్యూటరుకి."

"ఆ కంప్యూటరు దేనికి?"

వరదరాజులు కంప్యూటరు వెనక నుంచి బయలుదేరిన తీగ వెంబడి చూపు పోనిచ్చాడు. తీగ గోడ వెంట పాకి, చల్లగది తలుపు మీది తాళంలోకి దూరింది. అతను సుంకమ్మ ముఖం చూశాడు.

"తాళానికి మేడం."

"అంటే మూడూ ఒకటే ఐటం. తూకానికి కూడా బాగానే తూగుతుంది," అంది సుంకమ్మ.

ఖజానా అధికారి కలం మళ్లీ తెరిచాడు. చిదంబరయ్యకి మాత్రం ఒక సందేహం మిగిలింది. "ఆగండాగండి. వజ్రకవచ్ కూడా అదే కంప్యూటర్లో ఉన్నది కదా! నూతన సాధనమును తొలగించినట్లు కాదా?"

"తొలగించడం లేదు సార్. కదిలించడం కూడా లేదు. ఎక్కడుందో అక్కడే, ద్వారపాలక్ సరసనే పంపుతున్నాం. ఉత్తర్వులో ఉన్నదే కదా."

చిదంబరయ్య కళ్లు మూసుకుని ఉత్తర్వుని మనసులో ఒకసారి చదువుకున్నాడు. ఎక్కడా ఇబ్బంది కనబడలేదు. "భేష్! ఉత్తర్వుల స్ఫూర్తికి అక్షరాలా అనుగుణం" అని సంతకం పెట్టేశాడు. కమిటీ టిఫినుకి వెళ్లింది.

దాదాపీరు స్క్రూడ్రైవరు తీసి తాళం ఊడబెరికాడు. తలుపు తనంతట తనే కొంచెం తెరుచుకుని, చల్లటి గాలి వాళ్ల మొహాలకి కొట్టింది. కంప్యూటర్నీ తాళాన్నీ కుర్చీలతో పాటు బండికెత్తుకుని అతను వెళ్లిపోయాడు. తెర ఆరిపోయేదాకా లోపల ద్వారపాలక్, వజ్రకవచ్ ఒకదాన్నొకటి పట్టుకుంటూనే ఉన్నాయి.

"నాకు టీ తాగాలని ఉండాది మేడం," అన్నాడు వరదరాజులు తలుపు వైపు చూడకుండా. "నిదానంగా తాగొస్తా. మీరు తెల్ల కాగితం మీద ఏం తీసుకున్నారో రాసి సంతకం పెట్టి పోండి."

ఆ మధ్యాహ్నమే సుంకమ్మ రొప్పం చేరింది. బీరలింగప్ప, అతని పెళ్లాం, ఇద్దరు కొడుకులు గొర్రెల్ని ఒక్కొక్కటీ పట్టుకొచ్చి నిలబెడుతుంటే ఆమె వంచిన నడుం ఎత్తకుండా సూదులు వేసింది. ఒక మూల ఒక గొర్రెపిల్ల విడిగా పడుకుని ఉంది. మూతి వాచింది. తల్లి దాన్ని నాకుతోంది.

"అది నిన్న సాయంత్రం నుంచి, తల్లీ," అన్నాడు బీరలింగప్ప.

సోమవారం వచ్చి ఉంటే దానికి కూడా పడేది. సుంకమ్మ సూది కింద పెట్టి, దాని పక్కన కూర్చుని, ఏమీ చేయలేనని తెలిసీ చాలాసేపు దాని తల నిమిరింది. సాయంత్రానికి అది పోయింది. రోజులు గడిచాయి. మిగతా మంద నిలబడింది.

అంతా అయిపోయిందనుకున్నాక ఒకరోజు రొప్పం ముందు జీపు ఆగింది. చిదంబరయ్య దిగాడు. వెనక సీట్లోంచి పాత వాచ్‌మన్, కొత్త గార్డు దిగి, ఒకరినొకరు తనిఖీ చేసుకున్నారు. కబురందుకున్న సుంకమ్మ అప్పటికే అక్కడికి వచ్చి ఉంది. చిదంబరయ్య కాగితం తీసి గొంతు సవరించుకున్నాడు.

"సదరు మందకు టీకాలు వేసినట్లు కంప్యూటర్లో నమోదు కాలేదు గావున, సదరు టీకాలు భద్రతా పరిధిలోనికి రావు. కావున, ఇప్పటికే వేయబడినట్లు చెప్పబడుచున్న టీకాను ఏమాత్రము తొలగించక, కదలించక, దాని సరసనే అధికారిక టీకాను వేయవలెను."

బీరలింగప్ప నోరు తెరిచాడు. "ఒంట్లోకి పొయిన సూదిమందుని ఎవురు తొలగిస్తారు సామీ?"

"అందుకే తొలగించవద్దన్నాం."

"సూది మీద సూది ఏస్తే గొడ్డు తట్టుకుంటాదా? మొన్ననే లేచి తిరగతాండాయి. మేడమ్మా, నువ్వైనా చెప్పు తల్లీ."

సుంకమ్మ అతని చెయ్యి పట్టుకుని ఆపి, చిదంబరయ్యని అడిగింది. "టీకాలు తెచ్చారా సార్?"

"చల్లగదిలో సిద్ధంగా ఉన్నాయి. కొత్త కంప్యూటరు, కొత్త తాళం బిగించాము. కండెం చేసిన వస్తువు స్థానంలో అదే వస్తువును కొనాలి గావున ద్వారపాలక్‌ను మళ్లీ కొన్నాము. దాని సరసన వజ్రకవచ్ ఉన్నది. ఇప్పుడు ఆ రెండింటి సామరస్యమును పర్యవేక్షించుటకు పెద్దాఫీసు వారు సఖ్యమిత్ర అను మూడవ సాధనమును కూడా దయచేసినారు."

"మూడూ పనిచేస్తున్నాయా?"

"అమోఘంగా! చల్లగది ఇంత భద్రంగా ఎన్నడూ లేదు."

బీరలింగప్పకి సంగతి అర్థమైంది. మొహంలో బిగువంతా సడలి, పెద్దగా నవ్వేశాడు. "అట్లయితే ఎప్పుడైనా ఏసుకోండి సామీ. మా గొర్రెలు యాడికీ పోవు."

చిదంబరయ్య ఆ సహకారానికి మెచ్చుకుని జీపెక్కాడు. వాచ్‌మనూ గార్డూ ఎక్కబోతూ మళ్లీ ఒకరి జేబులు ఒకరు చూసుకుంటుంటే డ్రైవరు ఇంజను ఆపేసి బీడీ ముట్టించాడు.

బీరలింగప్ప నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "మేడమ్మా, ఒక మాట. మా చెల్లిని ఇచ్చిండేది పక్క మండలంలోనే. మా బావ నిన్న ఫోను చేసినాడు. వాళ్ల ఊరి చుట్టూ మూతివాపు వచ్చేసిందంట. వాళ్లకి సూదులు రావల్లంటే ఎట్ల?"

ఇంకో కమిటీ, ఇంకో కానిస్టేబులు, ఇంకో తూకం సుంకమ్మ కళ్లముందు తిరిగాయి. ముళ్లకంప పక్కన, ఆ పిల్లని పూడ్చిన చోట మట్టి ఇంకా కొత్తగానే ఉంది. ఆమె ఫోను తీసింది. చిదంబరయ్యకి చేయలేదు, కంపెనీ కుర్రాడికీ చేయలేదు.

"దాదాపీరన్నా, నేను డాక్టరు సుంకమ్మని."

"చెప్పండి మేడం. మళ్లీ వేలమా?"

"వేలం లేదు, కమిటీ లేదు. నువ్వూ నీ స్క్రూడ్రైవరూ వస్తే చాలు."

అవతల ఇనప సామాన్లు అటూ ఇటూ జరుపుతున్న చప్పుడు వినబడింది.

"ఏ సైజుది తేవాల మేడం?"

"పోయినసారి తెచ్చిందే," అంది సుంకమ్మ.